రిటైరైన బాపు గురించి పెద్దకర్మ నాడు ఏం చదవాలి, ఏడాదికి పుస్తకం ఎట్లా వేయాలి

కాజీపేటలో రైల్వే కొలువు చేసి 60 ఏళ్లకు రిటైరై, పద్దెనిమిదేళ్లు ఇంటిపట్టున ఉండి మొన్న కాలం చేసిన మీ బాపు (నాన్న) గురించి అడిగారు. పెద్దకర్మ నాడు చదవడానికి నాలుగు మాటలు, ఏడాది (సంవత్సరికం) నాటికి ఒక చిన్న పుస్తకం కావాలన్నారు. "ఆయన లీడర్ కాదు, కవి కాదు, రాయడానికి ఏముంటది?" అని మీ తమ్ముడు అన్నాడని కూడా రాశారు. చాలా ఉంటుంది. అయితే అది మీ ఒక్కరి తలలో ఉండదు. పది మంది దగ్గర తలా ఇంత ఉంటుంది, ఆ పది మందీ ఈ పది రోజులే మీ ఇంట్లో ఉంటారు. అందుకని ఇప్పుడే కాగితం ముందు కూర్చోకండి. ముందు అడగండి, ఏరిపెట్టుకోండి. రాత తర్వాత.

ఎవరిని అడగాలన్నది మొదటి సంగతి. మేనత్త బతికి ఉంటే ఆమెతోనే మొదలుపెట్టండి. బాపు పిల్లగాడిగా ఉన్నప్పుడు చూసిన మనిషి ఇంటి మొత్తంలో ఆమె ఒక్కతే అయి ఉండవచ్చు. తర్వాత ఆయన షిఫ్టులో పనిచేసినవాళ్లు, ఆయన బావమరుదులు, సాయంత్రాలు కలిసి కూర్చున్న దోస్తులు. అందరూ మరిచిపోయే మనిషి ఇంటి కోడలు. రిటైరైన మనిషి పొద్దంతా ఎట్లా గడిపాడో కొడుకుల కంటే కోడలికే ఎక్కువ తెలుసు, ఎందుకంటే ఆ పద్దెనిమిదేళ్లు మీరు డ్యూటీలో ఉన్నారు, ఆమె ఇంట్లో ఉంది. అమ్మను మాత్రం తొందరపెట్టవద్దు. మూడో నాడు ఒక మాట, ఏడో నాడు ఒక మాట ఆమె తనంతట తానే చెబుతుంది. పక్కన కూర్చుని వినండి, తర్వాత రాసుకోండి.

"బాపు ఎట్లాంటి మనిషి?" అని అడిగితే "బంగారం లాంటి మనిషి" అన్న జవాబే వస్తుంది, అది ఎవరికైనా సరిపోతుంది. పని గురించి అడగండి. పొద్దున లేవంగనే ఏం చేస్తుండె? డ్యూటీకి సద్దిల ఏం పట్టుకపోతుండె? జీతం తెచ్చి ఎవరి చేతికి ఇస్తుండె? ఈ ఇంటి జాగ ఎంతకు కొన్నడు, పైసలు ఎట్ల సర్దిండు? కోపం వస్తే ఏం చేస్తుండె? ఎవరికి అప్పు ఇచ్చి అడగలేదు? ఇట్లా అడిగితే జవాబులో ఒక వస్తువు, ఒక జాగ, ఒక ఏడు తప్పకుండా ఉంటాయి. చెప్పేవాళ్లకు ముందే చెప్పి ఫోన్లో రికార్డు చేయండి. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు చాలు. ఫైలుకు ఆ మనిషి పేరు, తేదీ వెంటనే పెట్టండి. పెట్టకపోతే నెల తర్వాత ఏ గొంతు ఎవరిదో, ఏ మాట ఏ సందర్భమో మీకే అంతుపట్టదు. ఇద్దరు ముగ్గురిని కలిపి కూర్చోబెట్టి రికార్డు చేయవద్దు. పెద్దాయన మాట్లాడితే మిగిలినవాళ్లు ఊకొట్టి ఊరుకుంటారు.

మాటలతో పాటు కాగితాలు. పెద్దకర్మ అయిన మరునాడు అర్ర సదరడం, బట్టలు పంచడం, పాత సామాను తీసేయడం మామూలే. ఆయన డైరీలు, ఇల్లు కట్టినప్పటి ఖర్చుల పుస్తకం, చిట్టీ పాస్‌బుక్కులు, యూనియన్ కార్డు, పాత పెళ్లి పత్రికలు, ఫోన్ నెంబర్లు రాసుకున్న చిన్న నోట్‌బుక్కు పాత పేపర్ల వాడి తక్కెడలోకి పోయేది ఆ రోజే. ఒక అట్టపెట్టె తీసి మీద "బాపు కాగితాలు, తీయవద్దు" అని రాసి అన్నీ అందులో వేయండి. ఏది పనికొస్తుందో ఇప్పుడే తేల్చకండి. ఇల్లు కట్టిన లెక్కల పుస్తకంలో ఇటుకల ధర, మేస్త్రీ కూలి, ఎవరి దగ్గర ఎంత తెచ్చాడు అన్నీ ఉంటాయి. ఒక సంసారి జీవితం గురించి అంతకంటే నమ్మకమైన సాక్ష్యం దొరకదు.

పీపీఓ, అంటే పెన్షన్ పేమెంట్ ఆర్డర్, ప్రత్యేకంగా చూసుకోండి. పుట్టిన తేదీ, కొలువులో చేరిన తేదీ, రిటైరైన తేదీ, చివరి హోదా, చివరి జీతం మీకు కావలసినవన్నీ ఆ కాగితాల్లోనే ఉంటాయి. అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ మార్చడానికి మరణ ధ్రువపత్రంతో పాటు దానినే బ్యాంకుకు తీసుకెళ్లాలి. ఇంటి నుంచి బయటికి పోకముందే అన్ని పేజీలూ జిరాక్సు తీసి, ఫోన్లో ఫోటో కూడా తీసి పెట్టండి. మరణ నమోదు 21 రోజుల్లోపు చేయించాలి. ఆ పత్రంలో బాపు పేరు పీపీఓలో ఉన్న అక్షరాలతోనే ఉండేటట్టు చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే బ్యాంకులో అమ్మ నాలుగుసార్లు తిరగాల్సి వస్తుంది.

ఇక తేదీలు. ఇట్లాంటి రాతల్లో ఎక్కువ తప్పులు పడేది ఇక్కడే. ఆయన ఈడువాళ్లకు పుట్టిన పత్రం ఉండదు. బడిలో వేసేటప్పుడు సారు ఉజ్జాయింపుగా వేసిన తేదీయే సర్టిఫికెట్‌లోకి, అక్కడి నుంచి సర్వీసు రికార్డులోకి ఎక్కింది. రికార్డులో 01-07-1947 అని ఉంటే అది నిజంగా పుట్టిన రోజు కాకపోవడమే ఎక్కువ. పెద్దవాళ్ల లెక్క వేరేగా ఉంటుంది. "పోలీస్ యాక్షన్ అప్పుడు చంకల పిల్లగాడు" అంటే 1948 సెప్టెంబర్ నాటికి ఏడాది, ఏడాదిన్నర. "రజాకార్ల గడబిడప్పుడు మావెంట ఉరికిండు" అంటే అంతకంటే రెండేళ్లు పెద్ద. పుస్తకంలో రెండూ రాయండి. "రికార్డు ప్రకారం 1947 జులై 1. మేనత్త చెప్పిన లెక్క ప్రకారం ఇంకో ఏడాది, రెండేళ్లు ముందు" అని రాస్తే తప్పు కాదు, పైగా ఆ కాలం ఎట్లా ఉండేదో తెలుస్తుంది.

రిటైర్మెంట్ తేదీని పుట్టిన తేదీతో సరిచూడండి. సర్కారు కొలువులో మామూలుగా నెలాఖరు రోజున రిటైరవుతారు, కానీ ఒకటో తారీఖున పుట్టినట్టు రికార్డులో ఉంటే ముందు నెల ఆఖరునే ఇంటికి పంపుతారు. 01-07-1947 పుట్టుక అయితే 60 ఏళ్లకు రిటైరైంది 30-06-2007. చాలా పుస్తకాల్లో "2007 జులైలో రిటైరయ్యారు" అని పడేది దీనివల్లే. ఇంకో సంగతి, కేంద్ర కొలువుల్లో 60 ఏళ్ల లెక్క 1998లో వచ్చింది. అంతకు ముందు రిటైరైన ఆయన సీనియర్లు 58కే దిగిపోయారు. వాళ్ల గురించి రాసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

పేర్లు కాలంతో మారాయి. ఆయన చేరినప్పటి పేరే రాయాలి. దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది 1966 అక్టోబర్ 2న. అంతకు ముందు కాజీపేట సెంట్రల్ రైల్వేలో ఉండేది, 1951కి ముందు నిజాం రైల్వే. మీ తాత కూడా రైల్వేలోనే ఉండి ఉంటే ఈ మూడు పేర్లూ మీ ఇంట్లోనే దొరుకుతాయి. ఊరి చిరునామా కూడా అంతే. ఉదాహరణకు ములుగు 2016 అక్టోబర్ 11 దాకా వరంగల్ జిల్లా, ఆ తర్వాత జయశంకర్ భూపాలపల్లి జిల్లా, 2019 ఫిబ్రవరి నుంచి ములుగే జిల్లా. 1985కి ముందు మండలాలే లేవు, తాలూకాలు ఉండేవి. "1947లో ములుగు మండలంలో జన్మించారు" అని రాస్తే చదివిన ముసలాయన అక్కడే ఆగిపోతాడు. "అప్పటి వరంగల్ జిల్లా ములుగు తాలూకా" అని రాసి, అవసరమైతే ఇప్పటి పేరు పక్కన పెట్టండి. వరంగల్ ఎన్‌ఐటీకి 2002 దాకా ఆర్‌ఈసీ (రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ) అనే పేరు. కాకతీయ యూనివర్సిటీ 1976లో వచ్చింది, కాబట్టి 1970లో ఎవరూ అందులో చదవలేదు.

ఉద్యోగం గురించి అందరూ రాస్తారు. రిటైరైన తర్వాతి కాలానికి "విశ్రాంత జీవితం గడిపారు" అని ఒక్క వాక్యం పడేస్తారు. ఇది నాకు నచ్చదు. పద్దెనిమిదేళ్లంటే ఆయన జీవితంలో నాలుగో వంతుకు కొద్దిగా తక్కువ. మీ పిల్లలకు తెలిసిన తాత అంటే పూర్తిగా ఆ పద్దెనిమిదేళ్ల మనిషే. అందుకని సగం రాత దానికే ఇవ్వండి. రిటైరైన మొదటి ఆరు నెలలు డ్యూటీ టైముకే మెలకువ వచ్చి ఏం చేసేవాడు? మనవళ్లను బడికి ఎవరు దింపారు, సైకిల్ మీదనా, బండి మీదనా? పెన్షన్ పడ్డ రోజు ఏం కొనుక్కొచ్చేవాడు? నవంబర్ వస్తే లైఫ్ సర్టిఫికెట్‌కు తనతో పాటు ఎవరెవరిని బ్యాంకుకు తోలుకపోయాడు? రైల్వే పాసు మీద ఎక్కడెక్కడికి పోయాడు, అమ్మను తీసుకపోయాడా? కరెంటు బిల్లు, నల్లా బిల్లు, ఇంటి పన్ను రసీదులు ఏ గూట్లో పెట్టేవాడు? మేడారం జాతరకు రెండేళ్లకోసారి బెల్లం తూకం వేయించింది ఎవరు? పెత్రమాసకు తన తండ్రి పేరు మీద బియ్యం ఇచ్చేవాడా? ఇంటిని ఇన్నేళ్లు నిలబెట్టింది ఈ పనులే. ఇప్పుడు అవి ఆగిపోతే ఇంట్లో అందరికీ ఒక్కొక్కటిగా తెలుస్తుంది. ఆయన చేసిన పని ఎంతో ఆ వెలితిని బట్టే రాయవచ్చు.

రాతలో గుణాల పేర్లు తీసేసి పనులు పెట్టండి. "మృదుస్వభావి, స్నేహశీలి, కష్టజీవి, పరోపకారి" అన్నవి ప్రతి ఫ్లెక్సీ మీదా ఉంటాయి. ఊరికే ఉదాహరణకు ఒకటి రాస్తాను: "కష్టజీవి, కుటుంబం కోసం ఎన్నో త్యాగాలు చేశారు" అనే బదులు, "షెడ్డులో రాత్రి డ్యూటీ దిగి ఏడింటికి సోమిడిలో ఇల్లు చేరేవాడు. పడుకోకుండా పిల్లలను బడికి దింపి, కిరాణం సామాను తెచ్చి ఇచ్చి, పదింటికి తలుపు దగ్గరికేసి పడుకునేవాడు. ఇంకో అంగీ కొందామంటే 'ఉన్నయి రెండు మంచిగున్నయి గదా' అనేవాడు." ఇందులో కష్టం అన్న మాట లేదు, అయినా విన్నవాళ్లకు అందుతుంది. ఆయన మాట ఆయన నోట ఎట్లా వచ్చిందో అట్లానే ఉంచండి. "నీకు ఏమైనా కావాలా నాయనా" అని పత్రికల తెలుగులోకి మార్చితే అది మీ బాపు మాట్లాడినట్టు ఉండదు, మీ అమ్మే గుర్తుపట్టదు. ఎప్పుడూ అనే మాటలు రెండో మూడో ఉంటాయి, అవి చాలు.

అప్పులు, తాగుడు, అన్నదమ్ముల మధ్య భూమి పంచాయితీ వంటివి ఏం చేయాలన్నది తప్పకుండా వస్తుంది. దీనికి నా పద్ధతి ఒకటే. అది బతికున్న మనిషిని నొప్పించేదైతే పెద్దకర్మ నాడు చదవవద్దు, పుస్తకంలో పెట్టవద్దు. ఆయన సొంత కష్టమై, దాన్ని ఆయనే దాటి ఉంటే తప్పకుండా రాయండి. తాగుడు మానేసిన మనిషి గురించి రాసేటప్పుడు మానేసిన సంగతి వదిలేస్తే ఆయన చేసిన అతిపెద్ద పనిని వదిలేసినట్టే. అయితే అచ్చుకు ముందు అమ్మకు చదివి వినిపించండి. ఆమె వద్దంటే తీసేయండి, వాదించవద్దు.

పెద్దకర్మ నాటి రాత చిన్నది కావాలి. పదకొండో నాడో పన్నెండో నాడో పదమూడో నాడో, మీ ఇంటి ఆచారాన్ని బట్టి పిండప్రదానం అయ్యేసరికి పొద్దెక్కుతుంది. టెంటు కింద ఎండ, వెనక వంటల దగ్గర చప్పుడు, దూరం ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఆకలి మీద ఉంటారు. ఐదు నిమిషాలు, ఎక్కువలో ఎక్కువ ఆరు. తెలుగులో నింపాదిగా చదివితే నిమిషానికి వంద మాటల లెక్క, అంటే 500 నుంచి 550 మాటలు. పుట్టుకతో మొదలుపెట్టకండి, అందరికీ తెలిసిన ఆయన అలవాటు ఒకటి ముందు చెప్పండి, మంది తలెత్తుతారు. తర్వాత ఊరు, తల్లిదండ్రులు, కొలువు, పెళ్లి, ఇల్లు, రిటైరైన కాలం. ఆఖరి జబ్బు రెండు వాక్యాలకు మించవద్దు. ఏ ఆసుపత్రిలో ఎన్ని రోజులు, ఏ డాక్టర్ ఏమన్నాడన్నది ఈ పది రోజులుగా వచ్చినవాళ్లందరికీ మీరు చెబుతూనే ఉన్నారు, మళ్లీ వద్దు.

కర్మ చేసే కొడుకు చదవవద్దు. పొద్దున్నుంచి ఉపవాసం ఉండి, గొంతు పోయి ఉంటాడు. మనవరాలో, మేనల్లుడో చదవాలి. 16 పాయింట్ల అక్షరంతో, కాగితానికి ఒకవైపే, పేరా మధ్యలో పేజీ తిప్పాల్సిన పని లేకుండా ప్రింటు తీయండి. అదే కాగితం ఇంకొకరి చేతిలో కూడా ఉండాలి, చదివేవాళ్లకు ఏడుపు వస్తే అక్కడి నుంచి అందుకోవడానికి. ఫోన్లో చూసి చదవడం పెట్టుకోవద్దు, ఎండలో తెర కనపడదు, మధ్యలో కాల్ వస్తుంది. ముందు రోజు రాత్రి ఒకసారి గట్టిగా చదివించండి. పలకలేని వాక్యాలు అప్పుడే బయటపడతాయి. బిడ్డలు, అల్లుళ్ల పేర్లు చదివే దగ్గర వరుస చూసుకోండి. పెద్ద బిడ్డ పేరు చిన్న కొడుకు తర్వాత వచ్చినా, చనిపోయిన బిడ్డను వదిలేసినా, ఆ నొప్పి ఏళ్ల తరబడి ఉంటుంది. మీరు క్రైస్తవులైతే జ్ఞాపకార్థ కూటంలోనూ ఇదే కొలత పనిచేస్తుంది.

ఫోటో సంగతి కొంచెం. ఆధార్ కార్డు ఫోటోను పెద్దది చేయిస్తే ముఖం చుక్కలు చుక్కలుగా వస్తుంది. రిటైర్మెంట్ నాడు శాలువా కప్పినప్పటి ఫోటో, లేదా సర్వీసులో ఉన్నప్పుడు స్టూడియోలో దిగిన పాస్‌పోర్ట్ ఫోటో వెతకండి. అది 3.5 సెంటీమీటర్ల వెడల్పే ఉంటుంది. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేస్తే రెట్టింపు సైజుకు, 1200లో చేస్తే నాలుగు రెట్లకు, అంటే 14 సెంటీమీటర్ల వెడల్పుకు చక్కగా వస్తుంది. చిన్న పుస్తకం అట్ట మీదికి అది సరిగ్గా సరిపోతుంది. అతుక్కుపోయిన పాత ఆల్బమ్‌ల నుంచి ఫోటోను పీకవద్దు, మొత్తం షీటును అట్లాగే స్కాన్ చేయండి. వెనక స్టూడియో ముద్ర, రాసిన తేదీ ఉంటే ఆ వైపు కూడా. బంధువులను ఫోటోలు అడిగినప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి, మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది. ముఖం రంగు తెలుపు చేయడం, అంగీ తీసి కోటు తొడగడం వద్దని స్టూడియోవాళ్లకు ముందే చెప్పండి. ఎవరూ చెప్పకపోతే చేసేస్తారు.

ఏడాది పుస్తకానికి 1/8 డెమ్మీ సైజు, అంటే 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల పొడవు మంచిది. మధ్యలో పిన్ కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగింపబడాలి. అట్ట కాకుండా 32 పేజీలు పెట్టుకోండి. రాతకు 18 పేజీలు, 12 లేదా 13 పాయింట్లలో పేజీకి 200 మాటలు పడతాయి, అంటే 3600 మాటలు. ఫోటోలకు 8 పేజీలు, వంశవృక్షానికి 2, ఏ ఏడు ఏం జరిగిందన్న పట్టికకు 2. చివరి 2 పేజీలు ఖాళీగా ఉంచండి. రాతకు 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) మ్యాప్‌లితో అనే మామూలు తెల్ల కాగితం, అట్టకు 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, అంటే నున్నటి మందం అట్ట. ఫోటోల 8 పేజీలు సరిగ్గా నడిమధ్యన, 13 నుంచి 20 దాకా వచ్చేటట్టు పెడితే ఆ రెండు షీట్లను మాత్రం ఆర్ట్ పేపర్ మీద వేయించవచ్చు, ఖర్చు కలిసొస్తుంది. 200 కాపీలకు డిజిటల్ ప్రింటే నయం. ఐదు వందలకు పోతే ఆఫ్‌సెట్ (ప్లేట్లతో పెద్ద ఎత్తున వేసే అచ్చు) ధర అడగండి.

మీరు ఫోన్లో, కంప్యూటర్లో టైపు చేసేది యూనికోడ్, అంటే ఎక్కడ తెరిచినా అదే అక్షరంగా కనపడే పద్ధతి. మన దగ్గర డీటీపీవాళ్లు (అచ్చుకు పేజీలు కూర్చేవాళ్లు) చాలామంది దాన్ని అను ఫాంట్లలోకి, అంటే పాత పద్ధతి అచ్చు అక్షరాల్లోకి, మార్చుకుంటారు. ఆ మార్పులో ఒత్తులు జారతాయి, "స్టేషన్‌లో" అన్నది "స్టేషన్లో"గా అతుక్కుంటుంది, కొన్ని గుర్తులు చోటు మారతాయి. మీరు పంపిన ఫైలులో తప్పు లేదని ప్రూఫు (అచ్చుకు ముందు దిద్దడానికి ఇచ్చే ప్రతి) చూడకుండా ఉండవద్దు. ఒకరు అసలు ప్రతిని గట్టిగా చదవాలి, ఇంకొకరు ప్రూఫులో వేలు పెట్టి చూడాలి. కనీసం రెండుసార్లు. పేర్లు, తేదీలు మాత్రం మూడోసారి విడిగా. అచ్చు ఆఫీసులోనే కూర్చుని హడావిడిగా చూసిన ప్రూఫులో ఇంటిపేరే తప్పు పోవడం మామూలే.

సంవత్సరికం తిథిని బట్టి వస్తుంది, తేదీని బట్టి రాదు. మామూలు ఏడాదిలో అది ఇంగ్లీషు తేదీకి పది, పదకొండు రోజులు ముందే వస్తుంది. మధ్యలో అధిక మాసం పడితే పద్దెనిమిది, పందొమ్మిది రోజులు ఆలస్యంగా వస్తుంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది, కాబట్టి 2025 ఆషాఢంలో పోయినవారి ఏడాది తిథిని బట్టి 2026 జులై నడుమ నుంచి ఆగస్టు నడుమ లోపల వస్తుంది. కొందరు ఏడాది తిరగకముందే సంవత్సరికం జరిపిస్తారు. అయ్యగారిని ఇప్పుడే అడిగి తిథి, మాసం, పక్షం రాయించుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకోండి. ప్రెస్సుకు పదిహేను రోజులు, ప్రూఫులకు పదిహేను, పెద్దలకు చూపించి దిద్దడానికి పదిహేను, అంటే 45 రోజుల ముందు మీ రాత పూర్తి కావాలి. పుస్తకం మీద తిథి, తేదీ రెండూ వేయండి. వచ్చే తరం పిల్లలకు తేదీ కావాలి, శ్రాద్ధానికి తిథి కావాలి.

పేపర్లో శ్రద్ధాంజలి వేస్తే జిల్లా ఎడిషన్ చాలు, ప్రకటన పట్టే జాగ లెక్కన ధర తీసుకుంటారు. ఫోటో, పేరు, తేదీ, ఇంటివాళ్ల పేర్లు, అంతకు మించి ఇరికిస్తే అక్షరం కనపడదు.

పుస్తకాలు వచ్చాక ఏడాది నాడు వచ్చినవాళ్లందరికీ కుప్పలో నుంచి తీసి పంచవద్దు, సగం కుర్చీల మీదే మిగిలిపోతాయి. మీకు విషయం చెప్పినవాళ్లకు ముందుగా ఇంటికి వెళ్లి ఇవ్వండి. బాపు ఊళ్లో బడికి రెండు, రైల్వే పెన్షనర్ల సంఘానికి రెండు, ఒక్కో బిడ్డకు పదేసి. ఓ ఇరవై కాపీలు కట్ట కట్టి దాచండి. ఫోన్ రికార్డులు, స్కాన్లు, చివరి పీడీఎఫ్ రెండు పెన్‌డ్రైవ్‌లలో వేసి ఒకటి మీ దగ్గర, ఒకటి అక్క దగ్గర పెట్టండి. ఆఖరున వదిలిన రెండు ఖాళీ పేజీలు ఎందుకంటే, పుస్తకం చదివిన వారంలోపే ఎవరో ఒకరు "ఇది తప్పు, ఆ ఏడు మేం భూపాలపల్లిల ఉన్నం" అని ఫోన్ చేస్తారు. ఆ మాటను, చెప్పినవాళ్ల పేరుతో సహా, మీ కాపీలో ఆ పేజీల మీద పెన్నుతో రాసిపెట్టుకోండి.